యమాలు: యోగంలో నైతిక వికాసానికి మొదటి మెట్టు

1. ప్రవేశిక

2015 నుంచి ఏటా జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవం జరుగుతోంది. ఆ ఉదయం పాఠశాల మైదానాల్లో చాపలు పరుస్తారు, సూర్యనమస్కారాలు చేయిస్తారు. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో సరిగ్గా అవే రోజుల్లో రైతు పత్తి విత్తనాల ప్యాకెట్లు ఇంట్లో పెట్టుకొని, ఒక మంచి పదును కోసం మబ్బు వైపు చూస్తూ ఉంటాడు. మైదానంలో జరిగే యోగానికీ, ఈ రైతు ముందున్న తొమ్మిది నెలల వ్యవసాయానికీ సంబంధం ఏమిటని ఎవరైనా అడిగితే మనం ఏం చెప్పగలం? నడుము నొప్పి తగ్గుతుందని, ఊపిరి సాఫీగా ఆడుతుందని చెప్పవచ్చు. అవి నిజమే కాని, ఆ జవాబు చాలా చిన్నది.

పతంజలి యోగసూత్రాల రెండవ పాదం తెరిస్తే ఒక విషయం వెంటనే కంటబడుతుంది. ఎనిమిది అంగాలలో మొదటిది యమం, రెండవది నియమం, ఆసనం మూడవది. యమనియమాల వివరణకు పతంజలి 16 సూత్రాలు వినియోగించాడు. ఆసనానికి ఇచ్చినవి 3 మాత్రమే. ఆసనాలను విస్తరించి చెప్పినవి తరువాతి కాలపు హఠయోగ గ్రంథాలు. ఆ చరిత్ర వేరు. పతంజలి దృష్టిలో మాత్రం యోగం శరీరంతో కాక, మనిషి తన చుట్టూ ఉన్నవారితో వ్యవహరించే తీరుతో మొదలవుతుంది.

అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం అనే ఐదింటి నిర్వచనాలు మీరు ఇదివరకే చదివారు కనుక వాటిని మళ్ళీ చెప్పబోవడం లేదు. బ్రహ్మచర్యాన్ని, ముఖ్యంగా గృహస్థుల విషయంలో దాని అర్థాన్ని, విడిగా చర్చించవలసి ఉంది, ఇక్కడ వదిలిపెడుతున్నాను. ఈ పాఠంలో మనం చూడవలసింది మరొకటి. పతంజలి ఈ యమాలను ఏ షరతుతో అడిగాడు? పత్తి, మిరప మీద బతికే ఊళ్ళలో ఆ షరతు నిలబడుతుందా? నిలబెట్టుకోవాలని ప్రయత్నించే మనిషి మనస్సుకు ఏం జరుగుతుంది?

2. మినహాయింపులు లేని వ్రతం

జాతి, దేశం, కాలం, సమయం అనే నాలుగు హద్దులు లేకుండా పాటించినప్పుడే యమాలు మహావ్రతం అవుతాయని పతంజలి అంటాడు. ఇక్కడ ‘జాతి’ అంటే జీవజాతి కూడా. ‘సమయం’ అంటే గడియారం చూపించేది కాదు. ఒప్పందం, ఆచారం, సందర్భం అని అర్థం. (విద్యార్థులు ఏటా ఈ మాట దగ్గరే పొరబడతారు, కాలం, సమయం ఒకటేనని రాసి మార్కులు పోగొట్టుకుంటారు.)

వ్యాసభాష్యం దీనికి ఇచ్చిన ఉదాహరణ ఒక జాలరి. చేపలను తప్ప ఇంకే ప్రాణినీ చంపనని అతడు నియమం పెట్టుకుంటే, అది జాతిచేత హద్దు కట్టిన అహింస. పుణ్యక్షేత్రంలో చంపనంటే దేశంచేత హద్దు కట్టినది. చతుర్దశినాడు చంపనంటే కాలంచేత. దేవతల కోసం తప్ప చంపననీ, యుద్ధంలో తప్ప చంపననీ అంటే సమయంచేత.

మన ఊళ్ళలో ఇలాంటి హద్దులకు కొదవ లేదు. శనివారం నీచు ముట్టనివారు, కార్తీకమాసం అంతా ఉల్లిపాయ కూడా తిననివారు, కోటప్పకొండ తిరునాళ్ళకు వెళ్ళి వచ్చేదాకా అబద్ధం ఆడనని నిష్ఠగా ఉండేవారు మనకు తెలుసు. అయ్యప్ప దీక్షనే తీసుకోండి. మాల వేసుకున్న 41 రోజులూ మద్యం ముట్టరు, కటికనేల మీద పడుకుంటారు, ఎదుటివారిని ‘స్వామీ’ అని పిలుస్తారు. నిన్నటిదాకా పొలంగట్టు తగాదాలో ఉన్న ఇద్దరు నల్లబట్టలు కట్టుకొని ఒకరినొకరు ‘స్వామీ’ అనుకోవడం చిన్న విషయం కాదు. మనిషికి తనను తాను పట్టి ఉంచుకోగల శక్తి ఉందని అది నిరూపిస్తుంది. ఇలాంటి వ్రతాలను పతంజలి తక్కువ చేయలేదు, అవి వ్రతాలే. మహావ్రతాలు మాత్రం కావు. తేడా 42వ రోజు తెలుస్తుంది.

మినహాయింపులు లేని వ్రతం అనగానే అది సన్యాసులకు తప్ప సాధ్యం కాదని తోస్తుంది. పతంజలి ఉద్దేశం అది కాదనే నా అభిప్రాయం. మన నీతిలో ఎక్కడ గేటు తెరిచి పెట్టుకున్నామో మనకే కనిపించేలా చేయడం ఈ సూత్రం చేసే మొదటి పని. తన జాలరి నియమం ఏమిటో తెలుసుకున్నవాడే దాన్ని ఒక అడుగు ముందుకు జరపగలడు.

3. ఎనభై ఒక్క విధాలు

యమాలకు విరుద్ధమైన ఆలోచనలను, పనులను పతంజలి ‘వితర్కాలు’ అన్నాడు. వాటిని అతడు వర్గీకరించిన తీరు నైతికశాస్త్రంలో ఒక నిశితమైన పరికరం. ఏ తప్పయినా మూడు విధాలు: స్వయంగా చేసినది (కృతం), ఇతరులచేత చేయించినది (కారితం), ఇతరులు చేస్తే ఆమోదించినది (అనుమోదితం). వీటిలో ఒక్కొక్కటీ లోభంవల్ల, కోపంవల్ల, మోహంవల్ల జరగవచ్చు కనుక తొమ్మిది. తీవ్రతను బట్టి మృదు, మధ్య, అధిమాత్రమని మూడేసి చొప్పున ఇరవై ఏడు. ఆ మూడింటిలోనూ మళ్ళీ మూడేసి అంతరాలు చూపి భాష్యకారుడు 81 దాకా లెక్క కట్టాడు. ఆపైన అవి అసంఖ్యాకమని అంటాడు.

పుస్తకంలో చదివితే ఇది పండితుల కూడికల గుణకారంలా ఉంటుంది. గుంటూరు మిర్చియార్డులో నిలబడి చదివితే అలా ఉండదు.

ఆసియాలోనే పెద్ద ఎండుమిర్చి మార్కెట్టుగా పేరున్న ఆ యార్డుకు జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రింబవళ్ళు టిక్కీలు వస్తూనే ఉంటాయి. కల్లంలో ఎండబెట్టిన కాయలో ఎర్రగా నిగనిగలాడేవి ఒక రాశి, రంగు వెలిసిన తాలుకాయలు మరొక రాశి. ఎర్రకాయ అడుగున తాలు కలిపి టిక్కీ కుట్టడం ఒక అబద్ధం. ఆ అబద్ధంలో నోటితో ఆడిన మాట ఒక్కటీ లేదు. కాయ మీద నీళ్ళు చిలకరించడం మరొకటి. కాయ విరగకుండా ఉండాలంటే కొంచెం తేమ కావాలన్నది నిజమే. తూకం పెరుగుతుందన్నదీ నిజమే. ఎక్కడ మొదటి కారణం ముగిసి రెండవది మొదలవుతుందో నీళ్ళు చల్లే చేతికి మాత్రమే తెలుసు. తేమ ఎక్కువైన కాయలో బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది. అది కాలేయానికి చేటు చేసేది.

ఇప్పుడు పతంజలి ప్రశ్నలు వేయండి. నీళ్ళు చల్లినవాడిది కృతం. చల్లమన్నవాడిది కారితం. తెలిసీ “అందరూ చేసేదేగా” అని ఊరుకున్నవాడిది అనుమోదితం. ఇది లోభమా? అప్పు తీర్చాలన్న ఆరాటాన్ని లోభం అనవచ్చా? నిరుడు తరుగు పేరుతో తనను మోసగించారన్న కోపమా? లేక “యార్డులో ఇది తప్పు కాదు” అనే మోహమా? నా అంచనాలో మూడవదే ఎక్కువ. మోహం అంటే ఇక్కడ ప్రేమ కాదు, తప్పు తప్పుగా కనిపించకపోవడం. లోభి ఎప్పటికైనా సిగ్గుపడవచ్చు, కోపం చల్లారవచ్చు. మోహంవల్ల జరిగే తప్పుకు మాత్రం సాక్షి లేడు.

తప్పు ఎప్పుడూ కిందివాడిదే కానక్కరలేదు. తూకంలో, తరుగులో, ధర ప్రకటించడంలో పైవాడు చేసేదానికి కూడా ఇదే పట్టిక వర్తిస్తుంది. కమీషన్ వ్యాపారి దగ్గర అప్పు తెచ్చిన రైతు సరుకును అక్కడికే తీసుకుపోవాలి. ఆ రైతు ధర బేరం ఆడగలడా? నకిలీ విత్తనం తయారుచేసినవాడు, తెలిసి అమ్మిన డీలరు, తెలిసీ ఫిర్యాదుకు వెనకాడే ఊరు, ముగ్గురూ మూడు గళ్ళలో ఉంటారు. 2003లో యూరప్‌లో మన దేశపు మిరప ఉత్పత్తులలో సుడాన్ అనే పారిశ్రామిక రంగు బయటపడింది. అది తినే పదార్థాల్లో వాడకూడనిది. ఎక్కడో ఎవరో కలిపిన రంగుకు ఏ రంగూ కలపని రైతుల సరుకు కూడా అనుమానం పాలయింది.

పట్టిక ఉపయోగం ఎదుటివాడిని ఏ గడిలో వేయాలో తేల్చడం కాదు. పతంజలి దీన్ని సాధకుడి చేతికి ఇచ్చాడు, న్యాయాధిపతి చేతికి కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: (అ) ‘సమయం’ అనే పదానికి యోగసూత్రాలలో ఉన్న అర్థం ఏమిటి? (ఆ) కృత, కారిత, అనుమోదితాలకు మీ వృత్తి నుంచి ఒక్కొక్క ఉదాహరణ రాయండి.

4. పెదనందిపాడు, 1922

మినహాయింపు లేని అహింసను ఒక ప్రాంతం మొత్తం ప్రయత్నించిన సందర్భం ఈ నల్లరేగడి నేలలోనే ఉంది.

గాంధీజీ తన ఆశ్రమానికి ఏర్పరచిన పదకొండు వ్రతాలలో మొదటి వరుసలో ఉన్నవి పతంజలి చెప్పిన ఐదు యమాలే. శరీరశ్రమ, స్వదేశీ, అభయం, అస్పృశ్యతా నివారణ, సర్వధర్మ సమభావం, అస్వాదం అనేవి ఆయన చేర్చినవి. ఒంటరి సాధకుడి వ్రతాన్ని ఊరందరి వ్రతంగా మార్చడం ఆయన చేసిన ప్రయోగం.

సహాయ నిరాకరణోద్యమంలో భాగంగా 1922 ఆరంభంలో పెదనందిపాడు ఫిర్కా రైతులు ప్రభుత్వానికి భూమిశిస్తు కట్టమన్నారు. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకుడు. గ్రామోద్యోగులు రాజీనామాలు ఇచ్చారు. వాలంటీర్లతో ఏర్పడిన దళానికి పెట్టిన పేరు శాంతిసేన. జప్తులకు, బెదిరింపులకు ఎదురుతిరిగి చెయ్యెత్తకుండా నిలబడటం వారి శిక్షణ. రైతు అన్నవాడికి తన గొడ్డును ఎవరో తోలుకుపోతుంటే ఊరుకోవడం కన్నా కష్టమైన ఆసనం లేదు.

ఆ ఫిబ్రవరిలో ఎక్కడో గోరఖ్‌పూర్ జిల్లా చౌరీచౌరాలో జనం పోలీసు ఠాణాకు నిప్పు పెట్టారు, పోలీసులు చనిపోయారు. గాంధీజీ ఉద్యమాన్ని ఆపివేశారు. దాంతో పెదనందిపాడులోనూ శిస్తు కట్టవలసి వచ్చింది. ఇక్కడి రైతులు ఏ తప్పు చేశారని? ఈ ప్రశ్న అప్పుడూ అడిగారు, ఇప్పటికీ చరిత్ర తరగతిలో అడుగుతున్నారు. రాజకీయ వ్యూహంగా ఆ నిర్ణయం సరైనదా కాదా అనేది చరిత్రకారులు తేల్చవలసినది. నా మటుకు నాకు ఆ రైతుల బాధ న్యాయమైనదే అనిపిస్తుంది. యోగశాస్త్ర విద్యార్థిగా మీరు గమనించవలసింది వేరే ఉంది. “మా ఊళ్ళో హింస జరగలేదు” అన్నది దేశంచేత హద్దు కట్టిన అహింస. “వాళ్ళు ముందు కాల్చారు” అన్నది సమయంచేత హద్దు కట్టినది. గాంధీజీ ఆ రెండు హద్దులనూ ఒప్పుకోలేదు. మహావ్రతం ఖరీదు ఎంతో, దాన్ని ఎవరు చెల్లిస్తారో ఈ ఘటన చూపినంత స్పష్టంగా ఏ భాష్యమూ చూపదు. వ్రతం పట్టినవాడే ఖరీదు చెల్లిస్తే అది తపస్సు. ఇంకొకరి వ్రతానికి మనం చెల్లించవలసి వస్తే దాన్ని ఏమనాలి? ఈ ప్రశ్నకు యోగసూత్రాలలో సిద్ధంగా ఉన్న సమాధానం లేదు.

5. పురుగుమందు కొట్టడం హింసేనా?

సంపర్క తరగతుల్లో వ్యవసాయ కుటుంబాల విద్యార్థులు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. కొందరు వెక్కిరింపుగా అడుగుతారు, కొందరు నిజంగానే అడుగుతారు.

ముందు జరిగినది గుర్తు చేసుకుందాం. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ కమ్మేసింది. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను విచక్షణ లేకుండా కొట్టడం వల్ల దోమను తినే మిత్రపురుగులు పోయి దోమ విజృంభించిందని శాస్త్రజ్ఞులు గుర్తించారు. పంట పోయింది, అప్పు మిగిలింది, ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021-22లో నల్ల తామరపురుగు మిరప పూతలో చేరినప్పుడు కూడా రైతులు మందు మీద మందు కొట్టారు, చివరికి చాలాచోట్ల చేను పీకేశారు. పురుగు మీద మొదలైన హింస మనిషి దాకా రావడం ఈ మైదానంలో ఉపమానం కాదు.

మందు కొట్టడం హింస కాదని నేను చెప్పను. కాదని చెబితే జాలరి నియమానికి మరో పేరు పెట్టినట్టే. అలాగని పురుగుకు పంట వదిలేయమని చెప్పే అధికారం జీతం మీద, పింఛను మీద బతికిన నాలాంటి వారికి లేదు. ఇక్కడ పతంజలి చెప్పిన మృదు, మధ్య, అధిమాత్ర భేదం పనికి వస్తుంది. కనిపించిన ప్రతి పురుగుకూ మూడు మందులు కలిపి కొట్టడానికీ, నష్టం హద్దు దాటిందో లేదో చూసుకొని అవసరమైనదే కొట్టడానికీ మధ్య తేడా అంకెల్లో ఉంటుంది. లింగాకర్షక బుట్టలు, పసుపు, నీలం రంగు జిగురు అట్టలు, వేపగింజల కషాయం, గట్ల మీద ఎరపంటగా ఆముదం, బంతి, వీటన్నిటి లక్ష్యం ఖర్చు తగ్గించడమే కావచ్చు. కాని అధిమాత్రం నుంచి మధ్యానికి, మధ్యం నుంచి మృదువుకు దిగే మెట్లు కూడా అవే. మన రాష్ట్రంలో 2016 నుంచి సాగుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఇంకా కింది మెట్టుకు దిగవచ్చని చూపడానికి ప్రయత్నిస్తోంది.

ఇంతకన్నా ముఖ్యమైనది కారితం. మందు ఎవరి చేత కొట్టిస్తున్నాం? ముఖానికి తువ్వాలు గుడ్డ తప్ప మరేమీ లేకుండా, ఎదురుగాలిలో, రోజుకూలికి ట్యాంకు వీపున వేసుకున్న మనిషి చేత. కాయ కోసి, తొడిమలు తీసి, రాత్రి చేతుల మంటకు నిద్రపట్టని ఆడకూలీలు ఎవరి సరుకు కోసం పని చేస్తున్నారు? పురుగు విషయంలో అహింస గురించి వాదించే విద్యార్థికి నేను ముందు ఈ మనుషుల గురించి ఆలోచించమంటాను. మాస్కు, చేతితొడుగులు, గాలివాలు చూసుకోవడం, సకాలంలో కూలి ఇవ్వడం, ఇవన్నీ అహింసా సాధనలో భాగాలే. వీటికి ఏ ఆశ్రమానికీ వెళ్ళనక్కరలేదు.

6. నిల్వ ఉన్న కాయ, నిలవని మనస్సు

అపరిగ్రహాన్ని ‘కూడబెట్టుకోకపోవడం’ అని అనువదిస్తే పేదవాడి చెవికి అది వెటకారంగా వినిపిస్తుంది. వ్యాసభాష్యం వివరణ అలా లేదు. వస్తువులను సంపాదించడంలో, కాపాడుకోవడంలో, పోగొట్టుకోవడంలో, వాటికి అంటుకుపోవడంలో, వాటి కోసం పరులను బాధించడంలో ఉండే దోషాన్ని చూసి స్వీకరించకపోవడం అపరిగ్రహం. ఇందులో అసలు మాట ‘చూడటం’.

మంచి ధర వస్తుందని శీతల గిడ్డంగిలో కాయ పెట్టినవారికి ఈ దోషాలు పుస్తకం చదవకుండానే తెలుసు. అద్దె పెరుగుతుంది, వడ్డీ పెరుగుతుంది, రోజూ ఫోనులో యార్డు ధర చూడకుండా ముద్ద దిగదు. క్వింటాలుకు వెయ్యి పెరిగితే ఇంకొక వెయ్యి కోసం ఆగుతారు. తగ్గితే పాత ధర మళ్ళీ వచ్చేదాకా ఆగుతారు. నిల్వ చేయడం తప్పని నా ఉద్దేశం కాదు. కల్లంలోనే తెగనమ్ముకోక తప్పని చిన్న రైతుకు గిడ్డంగి ఒక రక్షణ. కాయ గిడ్డంగిలో ఉన్నంతకాలం మనస్సు కూడా అక్కడే చలిలో ఉండిపోతోందా అన్నది ఎవరికి వారు చూసుకోవలసినది. కౌలు, అప్పు, ధర అనే సమస్యలకు అపరిగ్రహం ప్రత్యామ్నాయం కాదు. వాటికి పరపతి సంఘం, గిట్టుబాటు ధర, పంటబీమా కావాలి. అప్పులో ఉన్నవాడికి ఆశ తగ్గించుకోమని బోధించి వడ్డీవాడిని వదిలిపెట్టే ఉపన్యాసాలు నేను చాలా విన్నాను. అవి యోగం కిందికి రావు.

7. నీతి నుంచి ధ్యానానికి

యమాలు సమాజానికి మంచివి సరే, వాటికీ సమాధికీ ఏమిటి సంబంధం? పతంజలి జవాబు మనోవ్యాపారానికి సంబంధించినది. చేసిన ప్రతి పనీ చిత్తంలో సంస్కారంగా మిగులుతుంది. కళ్ళు మూసుకొని కూర్చున్నప్పుడు పైకి తేలేవి అవే. తాలు కలిపినవాడికి టిక్కీ విప్పుతారేమోనన్న భయం, మోసపోయినవాడికి పగ, కూలి ఎగ్గొట్టినవాడికి ఆ మనిషి ఎదురుపడతాడేమోనన్న జంకు. అబద్ధం ఆడినవాడు దాన్ని గుర్తు పెట్టుకోవాలి. నిజం చెప్పినవాడికి ఆ శ్రమ లేదు. చిత్తానికి తీరిక దొరకడం ధ్యానానికి కావలసిన మొదటి సామగ్రి.

అందుకు పతంజలి సూచించిన సాధన ప్రతిపక్ష భావన. తప్పు చేయాలన్న ఆలోచన బాధించినప్పుడు దానితో కుస్తీ పట్టవద్దు. దాని ఎదుటి పక్షాన్ని, అంటే దాని ఫలితం దుఃఖం, అజ్ఞానం తప్ప మరొకటి కాదన్న ఎరుకను, తలపుకు తెచ్చుకోవాలి. ఇది క్షణంలో జరిగే పని కాదు. టిక్కీ కుట్టే ముందు, కాటా మీద వేలు పెట్టే ముందు, కూలి లెక్క కట్టే ముందు ఒక నిమిషం ఆగడం అలవాటైతే చాలు. అలవాటు అంటే అభ్యాసమే.

దీనికి తోడుగా మొదటి పాదంలో నాలుగు భావనలు చెప్పాడు: సుఖంగా ఉన్నవారిపట్ల మైత్రి, దుఃఖితులపట్ల కరుణ, పుణ్యాత్ములపట్ల ముదిత, అపుణ్యులపట్ల ఉపేక్ష. ఇవే నాలుగు బౌద్ధంలో బ్రహ్మవిహారాలు. అమరావతి, భట్టిప్రోలు స్తూపాలున్న ఈ నేల మీద బౌద్ధ భిక్షువులు శతాబ్దాల పాటు సాధన చేసినవీ ఇవే. ఈ నాలుగింటిలో కరుణ కష్టమని అందరూ అనుకుంటారు. పక్క చేనివాడి కాయ కాలిపోతే అయ్యో అనడం నిజానికి సులభం. పక్క చేనుకు మన చేనుకన్నా నాలుగు క్వింటాళ్ళు ఎక్కువ పండితే అతడి గుమ్మంలోకి నవ్వుతూ వెళ్ళగలగడం మైత్రి. అదీ కష్టం.

ఉపేక్ష విషయంలో ఒక సందేహం వస్తుంది. తప్పు చేసేవాడిని ఉపేక్షించడం, మనం పైన చెప్పుకున్న అనుమోదితం కాదా? కాదు. ఉపేక్ష వ్యక్తిపట్ల మన మనస్సులో ఉండవలసిన స్థితి: అతడి మీద పగతో మనం కాలిపోకుండా ఉండటం. అనుమోదన అతడి పనికి మనం ఇచ్చే సమ్మతి. కాటాలో మోసం చేసినవాడిమీద ద్వేషం లేకుండానే మార్కెట్ కమిటీకి ఫిర్యాదు ఇవ్వవచ్చు. ద్వేషంతో రగిలిపోతూ, ఫిర్యాదు ఇవ్వకుండా, మరుసటి ఏడు అదే కొట్టుకు సరుకు తోలవచ్చు. రెండవది మనకు బాగా అలవాటైన పద్ధతి.

అభ్యాసం

గత ఏడాదిలో మీ పొలంలో, దుకాణంలో, కార్యాలయంలో లేదా ఇంట్లో జరిగిన ఒకే ఒక్క చిన్న సంఘటన తీసుకోండి. అందులో మీ పాత్ర కృతమా, కారితమా, అనుమోదితమా? కారణం లోభమా, కోపమా, మోహమా? తీవ్రత ఎంత? తొమ్మిది గళ్ళ పట్టిక గీసి మీ సంఘటనను సరైన గడిలో రాయండి. తీవ్రతను ఆ గడిలోనే గుర్తించండి. ఇతరుల పేర్లు రాయవద్దు. ఈ అభ్యాసాన్ని మూల్యాంకనానికి పంపనవసరం లేదు.